రోజూ పోస్ట్ పెడితే బిజినెస్ దానంతట అదే పెరగదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్ బిజినెస్ పేజీలో ఈమధ్య ఆన్‌లైన్ వ్యాపారాల మీద వరసగా వ్యాసాలు వస్తున్నాయి, బాగానే ఉన్నాయి, ఇంట్లో కూర్చుని ఏదో ఒకటి అమ్ముకుందాం అనుకునేవాళ్ళకి కాస్త ధైర్యం ఇస్తున్నాయి, దానికి ముందుగా థాంక్స్. కానీ దాదాపు ప్రతి వ్యాసమూ తిరిగి తిరిగి ఒకే సలహా దగ్గరకొచ్చి ఆగుతోంది. రోజూ కంటెంట్ పెట్టండి, ఆపకుండా పెట్టండి, ఏదో ఒకరోజు క్లిక్ అవుతుంది అని. ఇందులో సగం నిజమే, కాదనను. మిగతా సగమే జనాన్ని ఆర్నెల్లు పరిగెత్తించి, ఆయాసం తెప్పించి, మనకి ఈ ఆన్‌లైన్ అచ్చిరాదులే అని దుకాణం కట్టేసేలా చేస్తోంది. అది చెప్పడానికే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదవుతుంది, మీకు అడ్డం అనిపించిన చోట కత్తిరించుకోండి, నేనేం అనుకోను.

నా గురించి రెండు ముక్కలు. చిన్న చిన్న ఆన్‌లైన్ షాపులకి ప్రొడక్ట్ పేజీలు రాస్తా, వీడియోలకి స్క్రిప్టులు రాస్తా, లెక్కలు చూసి జనం ఎక్కడ వెళ్ళిపోతున్నారో చెప్తా, అదే నా బతుకుతెరువు. కోర్సులేం అమ్మను, కాబట్టి ఈ ఉత్తరం చివర్లో లింక్ ఏదో ఇస్తానని భయపడక్కర్లేదు.

మొదట ఈ ప్రాక్టీస్ అనే మాట సంగతి చూద్దాం. పదివేల గంటలు చేస్తే ఎవరైనా నిపుణులు అయిపోతారు అని తెగ తిరుగుతుంది కదా, మోటివేషన్ వీడియో చెప్పే ప్రతివాడి నోటా ఇదే. ఆ లెక్క మూలం 1993లో ఆండర్స్ ఎరిక్సన్ అనే సైకాలజిస్టు మరో ఇద్దరితో కలిసి వేసిన పరిశోధన పత్రం. బెర్లిన్‌లో వయొలిన్ నేర్చుకునే విద్యార్థుల్ని చూశారు వాళ్ళు. అందరికంటే బాగా వాయించే గుంపు ఇరవై ఏళ్ళ వయసు వచ్చేసరికి ఒంటరిగా కూర్చుని చేసిన సాధన సగటున పదివేల గంటలు దాటింది. సగటు అండీ, అంటే ఆ గుంపులోనే అంత చేయనివాళ్ళూ ఉన్నారు, అంతకంటే ఎక్కువ చేసినవాళ్ళూ ఉన్నారు. పదివేలు అనేదేదో దాటాల్సిన గీత అని ఆయన ఎక్కడా అనలేదు, పైగా తర్వాత్తర్వాత తన పరిశోధనని ఇలా అర్థం చేసుకోవడం తప్పు అని ఆయనే చెప్పుకున్నాడు. ఆయన చెప్పిన అసలు సంగతేంటంటే గంటలు లెక్కపెడితే చాలదు, ఆ గంటల్లో ఏం చేశారన్నది ముఖ్యం. ఒక్క లోపం పట్టుకుని, దాన్నే సరిచేయడానికి కూర్చుని, సరైందో లేదో వెంటనే తెలిసే దారి పెట్టుకుని చేస్తేనే అది సాధన. వయొలిన్ పిల్లలకి పక్కన గురువు ఉంటాడు, శ్రుతి తప్పితే అక్కడే ఆపేస్తాడు. ఆన్‌లైన్ షాపు నడిపే మనిషికి గురువు ఎవరు? రోజూ పోస్ట్ పెట్టు అన్న పెద్దమనిషి అయితే కాదు, ఆయన ఆ మాట చెప్పేసి తర్వాతి వీడియోకి వెళ్ళిపోయాడు.

నన్నడిగితే మన గురువులు ఇద్దరు. ఒకటి కొనేవాళ్ళు అడిగే ప్రశ్నలు, రెండోది లెక్కలు. ఇద్దరూ ఫ్రీయే, అందుకేనేమో ఎవరికీ లెక్కలేదు.

ఒక సంగతి వివరంగా చెప్తా. నాకు తెలిసిన ఒక అక్క కుట్టు మిషన్ సామాను ఆన్‌లైన్‌లో అమ్ముతుంది, సూదులు, బాబిన్ కేసులు (కింది దారం ఉండే డబ్బీలు), బెల్టులు, ప్రెషర్ ఫుట్‌లు ఇలాంటివి. ఎవరో చెప్పారని రోజుకో పోస్ట్ పెట్టేది. ఈరోజు సూదుల ప్యాకెట్ ఫొటో, రేపు బాబిన్ కేస్ ఫొటో, ఎల్లుండి ఆఫర్ అని ఎర్ర అక్షరాలు, మధ్యమధ్యలో గుడ్ మార్నింగ్. లైకులు వచ్చేవి, రాకపోవడమేం లేదు, కాకపోతే చూస్తే అందులో ఎక్కువమంది అవే సామాన్లు అమ్మే మిగతా షాపులవాళ్ళు, ఒకళ్ళకొకళ్ళు లైకులు కొట్టుకుంటూ ఉంటారు. నేను వెళ్ళి ఆ పోస్టులేవీ చూడకుండా ఒకటే అడిగా, అక్కా ఈ వారం నీకు ఫోన్ చేసినవాళ్ళు ఏం అడిగారు అని.

"అడిగేదేముంది తమ్ముడూ, అందరిదీ ఒకటే గోల. మిషన్ కింద దారం ముద్ద కడుతోంది, బాబిన్ కేస్ పంపించండి అంటారు. పంపిస్తా. నాలుగు రోజులాగి మీ బాబిన్ కేస్ బాలేదు, వెనక్కి తీసుకోండి అంటారు."

"బాబిన్ కేస్ పాడైతేనే కదక్కా కింద ముద్ద కట్టేది?"

"ఎవరు చెప్పారు? సగం మందికి పైదారం సరిగ్గా ఎక్కించక అలా అవుతుంది. గుడ్డని నొక్కే పాదం కిందకి దించేసి ఉంచి దారం ఎక్కిస్తారు, అది దారాన్ని బిగించి పట్టే టెన్షన్ పట్టీల మధ్యకి దిగదు, ఊరికే పైపైన ఉంటుంది. ఇంక దాన్ని పట్టుకుని ఆపేదేముంది, మిషన్ ఎంత కావాలంటే అంత కిందకి లాగేసుకుంటుంది, ముద్ద అవుతుంది. పాదం పైకి లేపి ఎక్కిస్తే పట్టీలు తెరుచుకుంటాయి, దారం లోపలికి కూర్చుంటుంది, గొడవ వదిలిపోతుంది."

ఇది ఎప్పుడైనా పోస్ట్ పెట్టావా అంటే, ఇదేం పెడతాం తమ్ముడూ అందరికీ తెలిసిందేగా అంది. చూశారా, ఆవిడకి ఒంట్లో కలిసిపోయిన సంగతి కాబట్టి అది కంటెంటే అనిపించలేదు, సూదుల ప్యాకెట్ ఫొటో మాత్రం కంటెంట్ అనిపించింది. నేను చూసిన చాలా షాపుల్లో ఇదే వరస. అమ్మేవాళ్ళకి మామూలు అయిపోయింది కొనేవాళ్ళకి బొత్తిగా తెలియదు, ఆ మధ్యలో ఉన్న జాగాలోనే రెండేళ్ళకి సరిపడా వీడియోలూ పేజీలూ ఉంటాయి, ఐడియాలు రావట్లేదు అని తల పట్టుకునే పనే ఉండదు.

సరే వీడియో తీసింది. మొదటిది ఎలా ఉందంటే అందరికీ నమస్కారం, నా పేరు ఫలానా, మా ఛానెల్‌కి స్వాగతం, మీరింకా సబ్‌స్క్రైబ్ చేసుకోకపోతే చేసుకోండి, ఈరోజు మనం ఒక ముఖ్యమైన విషయం గురించి తెలుసుకోబోతున్నాం... ఇంతదాకా వచ్చేసరికి అర నిమిషం పోయింది, ఇంకా మిషన్ కనపడలేదు. యూట్యూబ్ స్టూడియోలో రిటెన్షన్ గ్రాఫ్ అని ఒకటి ఉంటుంది, ఏ సెకనులో ఎంతమంది మిగిలారో గీత గీసి చూపిస్తుంది, 30 సెకన్లు దాటేసరికి ఎంత శాతం ఇంకా చూస్తున్నారో విడిగా కూడా చెప్తుంది. ఆవిడ గీత కొండ మీంచి దూకినట్టుంది. రెండో వీడియోకి నమస్కారం తీసేశాం. ముద్ద కట్టిన గుడ్డ తిరగేసి కెమెరా ముందు పెట్టి, మీ మిషన్ ఇలా చేస్తోందా, బాబిన్ కేస్ కొనకండి, ముందు ఇది చూడండి అని మొదలుపెట్టింది. బాబిన్ కేసులు అమ్మే మనిషి బాబిన్ కేస్ కొనకండి అంటే ఎవరైనా ఆగి వింటారు కదా. మూడోసారి కెమెరా మొహం మీంచి తీసేసి చేతుల మీదకి దించాం, ఎందుకంటే రెండో వీడియోలో దారం ఎక్కించే చోట చెయ్యి అడ్డం వచ్చి సరిగ్గా కనపడలేదు, గీత అక్కడ మళ్ళీ జారింది.

ఆ మూడో వీడియో గ్రాఫ్‌లో ఒక వింత. గీత మామూలుగా మెల్లగా కిందకి దిగుతుంది, ఇందులో ఒకచోట పైకి లేచింది. ఏంటా అని చూస్తే పాదం మీట పైకెత్తే చోటు. అంటే జనం అక్కడికి వెనక్కి వెళ్ళి మళ్ళీ చూస్తున్నారు. ఆ ఒక్క ముక్క కత్తిరించి షార్ట్ (చిన్న నిలువు వీడియో) చేశాం, అదే నాలుగు ఫొటోలుగా ప్రొడక్ట్ పేజీలో బాబిన్ కేస్ కింద పెట్టాం, కొనేముందు ఇది ఒకసారి ట్రై చేయండి అని. కొందరు అది చూసి కొనకుండానే వెళ్ళిపోతారు, అది ఖాయం. కానీ వెనక్కి వచ్చే పార్సిళ్ళు తగ్గాయి, వెనక్కొచ్చే పార్సిల్ అంటే రెండువైపులా కొరియర్ ఖర్చు, మీదుమిక్కిలి ఒక చెడ్డ రివ్యూ. పైగా ఆరోజు కొనకుండా వెళ్ళినవాళ్ళే తర్వాత సూదుల కోసం వచ్చి, అక్కా మీరు నిజం చెప్పారు అంటున్నారు. ఇప్పుడు ఫోన్లలో ప్రశ్నలే మారిపోయాయి, జీన్స్ కుట్టడానికి 16 నంబర్ సూది సరిపోతుందా, పల్చటి గుడ్డకి 11 వేయాలా 14 వేయాలా అని సూటిగా అడుగుతున్నారు. ఆ ప్రశ్నే తర్వాతి వీడియో. ఇంకోటి మర్చిపోయా, ఆవిడ ఇప్పుడు వారానికో పదిరోజులకో ఒకటి పెడుతుంది, రోజూ కాదు.

ప్రాక్టీస్ అంటే నాకు కనపడేది ఇదీ. ఒకటి పెట్టడం, ఎక్కడ జారిందో చూడ్డం, దాన్ని ఒక్కదాన్నే మార్చి ఇంకోటి పెట్టడం. ఒకేసారి నాలుగు మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు, టైటిల్ మార్చి లైట్ మార్చి మైక్ మార్చి పాట పెట్టి, వ్యూస్ పెరిగాయి అంటే దేని వల్ల పెరిగాయని చెప్తాం? రోజుకొకటి చొప్పున తోసుకుంటూ పోయేవాళ్ళకి ఈ చూసుకునే తీరికే ఉండదు. నిన్నటి దానికి ఏమైందో తెలిసేలోపు రేపటిది తీయాలి. అప్పుడు నూరు వీడియోలు తీసినా నూరుసార్లు మొదటి వీడియోనే తీసినట్టు.

లెక్కలంటే జనం భయపడతారు కానీ సొంత వెబ్‌సైట్ ఉన్నవాళ్ళు గూగుల్ సెర్చ్ కన్సోల్ ఒక్కటి చూస్తే చాలు, డబ్బులేం అడగదు. జనం ఏ మాటలు టైప్ చేస్తే మీ పేజీ కనపడింది, ఎన్నిసార్లు కనపడింది, ఎన్నిసార్లు నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది అని చెప్తుంది, 16 నెలల వెనక్కి కూడా చూసుకోవచ్చు. నేను మొదట వెతికేది చాలాసార్లు కనపడి కూడా ఎవరూ నొక్కని మాటలు. వాటిలో రెండు రకాలుంటాయి. టైటిల్ బాలేక నొక్కనివి ఒకటి, అసలు ఆ ప్రశ్నకి మీ దగ్గర జవాబే లేక గూగుల్ ఏదో దగ్గర్లో ఉందని చూపించేవి ఇంకోటి. మొదటి రకానికి టైటిల్ మారిస్తే సరిపోతుంది, పది నిమిషాల పని. రెండో రకం దొరికితే పండగే, మీరు వచ్చే నెల ఏం రాయాలో కొనేవాళ్ళే చీటీ రాసి ఇచ్చినట్టు.

ఇంక రోజూ పెట్టాల్సిందే అనే నమ్మకం ఎక్కడ్నుంచి వస్తోందో చూద్దాం. ప్లాట్‌ఫామ్‌లకి సరుకు కావాలి, మనం ఎంత పోస్తే వాళ్ళకి అంత లాభం, అందులో తప్పు పట్టడానికేం లేదు, వాళ్ళ వ్యాపారం వాళ్ళది. కానీ వాళ్ళ అవసరం, మన అవసరం ఒకటి కాదు. యూట్యూబ్‌లో యాడ్స్ డబ్బు రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, దాంతోపాటు గడిచిన 12 నెలల్లో 4000 గంటల వాచ్ టైమ్ అయినా లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ అయినా ఉండాలి. 4000 గంటలంటే రెండు లక్షల నలభై వేల నిమిషాలు. ఒక్కొక్కరు సగటున మూడు నిమిషాలు చూస్తారనుకుందాం, 80,000 వ్యూస్ కావాలి. అదంతా అయ్యాక మామూలు వీడియోల యాడ్ డబ్బులో 55 శాతం, షార్ట్స్‌కి అయితే అందరి యాడ్ డబ్బూ కలిపిన పూల్‌లోంచి మన వాటాకొచ్చిన దాంట్లో 45 శాతం చేతికొస్తుంది. వ్యూస్ మీదే బతికే మనిషికి ఇది లెక్క, వాళ్ళకి రోజూ పెట్టడం కొంతవరకు తప్పదేమో, వాళ్ళతో నాకు పేచీ లేదు.

కానీ వస్తువు అమ్ముకునే మనిషి లెక్క ఇది కాదు కదండీ. ఆవిడకి లక్షమంది చూడక్కర్లేదు, ఇప్పుడు మిషన్ ముందు కూర్చుని దారం తెగి విసుక్కుంటున్న మనిషి చూస్తే చాలు. అలాంటివాళ్ళు రెండొందల మంది చూసిన వీడియో, ఊరికే స్క్రోల్ చేస్తూ లక్షమంది చూసిన వీడియో కంటే ఎక్కువ అమ్మి పెడుతుంది. మీ వ్యాసాల్లో ఈ ఇద్దర్నీ ఒకే గాటన కట్టేస్తున్నారు, కంటెంట్ క్రియేటర్ అనీ ఆన్‌లైన్ వ్యాపారి అనీ మార్చి మార్చి వాడుతున్నారు. నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ అనిపించింది అక్కడే. ఒకరికి కంటెంటే సరుకు. ఇంకొకరికి సరుకు వేరే ఉంది, కంటెంట్ దాని దగ్గరికి దారి చూపించాలి అంతే. రెండో మనిషికి మొదటి మనిషి టైమ్‌టేబుల్ ఇస్తే సరుకు ప్యాక్ చేసేదెవరు, ఫోన్లు ఎత్తేదెవరు?

కొత్తదేమీ కాదులెండి ఇది. ఇంటర్నెట్ రాకముందు నుంచీ ఉంది. జాన్ డీర్ అనే నాగళ్ళ కంపెనీ 1895లోనే రైతుల కోసం పత్రిక మొదలుపెట్టింది, మిషలిన్ టైర్ల కంపెనీ 1900లో కార్లు నడిపేవాళ్ళకి ఒక గైడ్ ఉచితంగా పంచింది, టైర్ ఎలా మార్చుకోవాలి, దారిలో మెకానిక్ ఎక్కడున్నాడు, పెట్రోల్ ఎక్కడ దొరుకుతుంది అని. జనం ఎక్కువ తిరిగితే టైర్లు ఎక్కువ అరుగుతాయి, అదీ వాళ్ళ ఆలోచన, గడుసువాళ్ళే. మా టైర్లు కొనండి మా టైర్లు కొనండి అని పేజీకోసారి రాస్తే ఆ గైడ్ ఎవరు దాచుకుంటారు?

గూగుల్ మాటకొస్తే, రోజూ కొత్తది పెట్టకపోతే వెనక్కి తోసేస్తుంది అని చాలామంది నమ్ముతారు, నా దగ్గరకొచ్చే ప్రతి రెండో మనిషీ ఇదే అడుగుతాడు. సైట్లు నడిపేవాళ్ళ కోసం గూగుల్ తనే రాసి పెట్టిన సూచనలు చదివితే ఆ భయం సగం పోతుంది. సైట్ తాజాగా కనపడాలని ఊరికే కొత్త పేజీలు కుమ్మరిస్తున్నారా, పాతవి తీసేస్తున్నారా, దాని వల్ల ర్యాంకింగ్ పెరగదు అని అందులోనే ఉంది. లోపల ఏమీ మార్చకుండా తేదీ మాత్రం మార్చి కొత్తదిలా చూపిస్తున్నారా అని కూడా అడుగుతారు. ఇన్ని పదాలు ఉండాలనే లెక్క కూడా తమకేం లేదని చెప్పేశారు, అయినా ఇప్పటికీ రెండువేల పదాలకి తగ్గకూడదని చెప్పి రాయించేవాళ్ళు ఉన్నారు, మూడు వాక్యాల్లో అయిపోయే జవాబుని రబ్బరులా సాగదీసి.

రెండేళ్ళ క్రితం పెట్టిన పేజీని తెరిచి, అప్పట్నుంచి కొనేవాళ్ళు అడిగిన కొత్త ప్రశ్నలు రెండు అందులో చేర్చి, మసకగా ఉన్న ఫొటో మార్చి, ఆగిపోయిన మోడల్ పేరు తీసేసి మళ్ళీ సేవ్ చేయడం కూడా కంటెంట్ పనే. నా అనుభవంలో కొత్తవి రాసినంత ఫలితం ఇదీ ఇస్తుంది, కొన్నిసార్లు ఎక్కువే. కానీ దీన్ని స్క్రీన్‌షాట్ తీసి చూపించుకోవడానికి ఏం ఉండదు కదా, అందుకే ఏ వ్యాసంలోనూ రాదు.

ఇప్పుడు ఏఐ వచ్చాక ఈ రోజూ పెట్టే పిచ్చి ఇంకా ముదిరింది. ఒక్క మధ్యాహ్నంలో నెలకి సరిపడా పోస్టులు తయారు చేసి ఇస్తాం అని ప్రకటనలు. తయారు చేయొచ్చు, నిజమే, నేనూ స్పెల్లింగులు చూడ్డానికి, పొడుగు స్క్రిప్ట్ కుదించడానికి వాడతా. కానీ ఆ ముప్పై పోస్టుల్లో పాదం పైకెత్తి దారం ఎక్కించండి అనే ముక్క ఉంటుందా అంటే, ఉన్నా అది అందరి సైట్లలోనూ ఒకేలా ఉంటుంది, మీ షాపుకి ఫోన్ చేసిన మనిషి ఏ మోడల్ దగ్గర ఇరుక్కుపోయాడో దానికి తెలియదు. పెద్ద కంపెనీలు కూడా దీన్ని గమనించాయి. గూగుల్ 2024 మార్చిలో స్పామ్ (చెత్త పేజీల) నియమాలు మార్చినప్పుడు, ర్యాంకింగ్ కోసమని గుట్టలు గుట్టలుగా తయారు చేసే పేజీలు మనిషి రాసినా మిషన్ రాసినా ఒకటే అని చెప్పింది. యూట్యూబ్ 2025 జులైలో, మూసలో పోసినట్టు తీసే వీడియోలకి యాడ్ డబ్బులు రావనే పాత నియమాన్నే ఇంకా స్పష్టంగా రాసింది. 2022 డిసెంబర్‌లో గూగుల్ తన క్వాలిటీ మార్గదర్శకాల్లో అనుభవం అనే మాట కొత్తగా చేర్చింది, అంటే రాసిన మనిషి ఆ వస్తువు చేత్తో పట్టుకున్నాడా, ఆ పని తను చేశాడా అని. మన చిన్న వ్యాపారులకి మిగిలిన బలం అదొక్కటే, దాన్ని వదిలేసి లెక్కకి పోస్టులు పెంచడం నాకైతే అర్థం కాదు.

ఇంకో సంగతి కూడా మీ వ్యాసాల్లో ఎక్కడా కనపడలేదు. ఎంత కష్టపడి పెట్టినా అదంతా ఎక్కడ పెడుతున్నాం అన్నది. 2013లో వచ్చిన వైన్ అనే యాప్‌లో ఆరు సెకన్ల వీడియోలతో పేరు తెచ్చుకున్నవాళ్ళు ఎంతోమంది, 2017 మొదట్లో ఆ యాప్ మూతపడింది. గూగుల్ వాళ్ళ సోషల్ మీడియా గూగుల్ ప్లస్ మామూలు జనానికి 2019 ఏప్రిల్‌లో మూసేశారు. అలాంటిదే మన ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న పోయింది, అందులో స్క్రాప్‌లు రాసుకున్నవాళ్ళు మీ పాఠకుల్లో బోలెడు మంది ఉంటారు. అందుకని ఏ ప్లాట్‌ఫామ్‌లో పెట్టినా సరే, అసలు జవాబు మాత్రం సొంత వెబ్‌సైట్‌లో ఒక పేజీగా ఉండాలని, కొన్నవాళ్ళని అడిగి వాళ్ళ ఒప్పుకోలుతో ఈమెయిల్ లిస్టు ఒకటి కట్టుకోవాలని నేను అందరికీ చెప్తా. అవును ఈమెయిలే, పాతదే, కానీ ఆ లిస్టు మీది, దాన్ని ఏ కంపెనీ రాత్రికి రాత్రి తీసేయలేదు. దానికీ పద్ధతులున్నాయి, జీమెయిల్, యాహూ వాళ్ళు 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద సంఖ్యలో మెయిల్స్ పంపేవాళ్ళకి రూల్స్ బిగించారు, పంపేది మీరేనని సాంకేతికంగా రుజువు ఉండాలి, వద్దనుకున్నవాళ్ళు ఒక్క నొక్కుతో బయటకి పోగలగాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. జీమెయిల్‌కి రోజుకి 5000 మెయిల్స్ దాటినవాళ్ళకే పూర్తి నియమాలు వర్తిస్తాయి గానీ, వంద మంది ఉన్న లిస్టుకైనా ఆ మర్యాద పాటిస్తే పోయేదేం లేదు. చెప్పడానికి ఏమీ లేని వారం మెయిల్ పంపకపోవడం కూడా మర్యాదే.

మరి రెగ్యులర్‌గా చేయడం అక్కర్లేదా అంటే కావాలి, గట్టిగా కావాలి, నేను సోమరితనానికి వకాల్తా పుచ్చుకోవట్లేదు. మూడు నెలలు కనపడకుండా పోయి ఒక్క వారంలో పది పెట్టేవాళ్ళకి చేయి కుదరదు, మాట కుదరదు, కెమెరా ముందు ప్రతిసారీ మళ్ళీ మొదటి రోజే. కానీ ఎంతకోసారి అన్నది ఎవరి వీలుని బట్టి వాళ్ళు తేల్చుకోవాలి. నేనైతే ఒకటే అడుగుతా, మీకు పని బాగా ఎక్కువగా ఉన్న వారంలో, ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగాలేని వారంలో కూడా మీరు ఎన్ని చేయగలరు? ఆ సంఖ్యతో మొదలుపెట్టండి. ఉత్సాహంగా ఉన్నరోజు వేసుకున్న టైమ్‌టేబుల్ ఎప్పుడూ అబద్ధమే చెప్తుంది. వారానికి ఒకటి అని తేలితే ఒకటే. మిగతా టైములో ఫోన్ పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుని ఈరోజు ఎవరేం అడిగారో వాళ్ళ మాటల్లోనే రాసుకోండి, మన మాటల్లోకి దిద్దకుండా. మనం టెన్షన్ అంటాం, వాళ్ళు దారం వదులైపోతోంది అంటారు, గూగుల్‌లో టైప్ చేసేది కూడా అదే.

టైటిల్స్ సాధన కూడా పెద్ద పనేం కాదు. ఒక్క వీడియోకి ఐదారు టైటిల్స్ రాసి, ఒక గంట పక్కన పడేసి, మళ్ళీ తీసి బయటకి చదవాలి. చదువుతుంటే నోరు తిరగనివి, గొప్పలు పోయేవి, లోపల లేనిది ఉందని చెప్పేవి వాటంతట అవే రాలిపోతాయి. గొంతు సంగతీ అంతే, రికార్డ్ చేసుకుని వింటే మనకే తెలుస్తుంది ఎక్కడ సాగదీస్తున్నామో. మొదట్లో సొంత గొంతు వినడం ఎవరికైనా మహా ఇబ్బందిగా ఉంటుంది, అలవాటైపోతుంది.

ఇక మీకు నా విన్నపాలు. ఆదాయం స్క్రీన్‌షాట్లు ఫొటోలుగా వేయడం దయచేసి మానేయండి. ఆ అంకెలో ఖర్చులెంత, వెనక్కొచ్చిన సరుకెంత, యాడ్స్‌కి పెట్టిందెంత అని ఎవరూ చెప్పరు, చూసిన పిల్లలు మాత్రం ఉద్యోగం మానేద్దామా అనుకుంటారు. మీరు ఇంటర్వ్యూ చేసే మనిషికి అసలు ఆదాయం వస్తువు అమ్మి వస్తోందా, యాడ్స్ మీద వస్తోందా, లేక ఎలా సంపాదించాలో నేర్పే కోర్సు అమ్మి వస్తోందా అని ఒక్క ప్రశ్న అడిగి, ఆ జవాబు వ్యాసం మొదట్లోనే వేయండి. మూడో రకం మనిషి రోజూ పోస్ట్ పెట్టండి అంటే పాఠకుడు దాన్ని ఏ తూకం వేసి చూసుకోవాలో అతనికే తెలుస్తుంది.

వీలైతే ఆ పేజీలో నెలకోసారి ఒక చిన్న షాపుని తీసుకుని వాళ్ళ మొదటి ప్రొడక్ట్ పేజీ, ఇప్పటి పేజీ పక్కపక్కన వేసి, మధ్యలో ఏం మార్చారో, ఎందుకు మార్చారో వాళ్ళతోనే చెప్పించండి. పెద్ద పెద్ద పేర్లు అక్కర్లేదు, అలాంటి షాపులు మీకు ఈజీగానే దొరుకుతాయి, కావాలంటే కుట్టు మిషన్ అక్కని నేనే ఒప్పిస్తా, కాకపోతే ఆవిడ మొదటి వీడియో చూపించడానికి మాత్రం ఒప్పుకుంటుందో లేదో చెప్పలేను.

ఇట్లు,
మీ పేపర్ పాత పాఠకుడు